1980లో జిమ్మీ కార్టర్ ఎందుకు ఓడిపోయారు? తరచుగా అడిగే ప్రశ్నలు

పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడికి గడ్డుకాలం వచ్చిన ప్రతిసారీ 1980 ఎన్నిక మాట వస్తుంది. చాలామంది దాన్ని "ఇరాన్ ముంచింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజమే. మిగతా సగం కిరాణా కొట్టులోనూ, సొంత పార్టీలోనూ, చివరికి కార్టర్ చేసుకున్న ప్రచారంలోనూ ఉంది. మరో నాలుగేళ్లిస్తే ఏం చేస్తానో ఆయన గట్టిగా చెప్పలేకపోయారు. "రీగన్ వస్తే ప్రమాదం" అన్నదే ప్రచారం మొత్తానికి ఆధారమైంది. ఆ భయం పోయిన రోజున ఇక చేతిలో ఏమీ మిగల్లేదు. నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు ఎంత తేడాతో ఓడారు?

1980 నవంబర్ 4న పోలింగ్ జరిగింది. రిపబ్లికన్ అభ్యర్థి రొనాల్డ్ రీగన్‌కు 50.7 శాతం, డెమోక్రాట్ కార్టర్‌కు 41 శాతం, స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్‌కు 6.6 శాతం ఓట్లు వచ్చాయి. ఓట్లలో తేడా పది శాతం దాకా ఉంటే, రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో అది కొండంత అయింది. 538లో రీగన్‌కు 489, కార్టర్‌కు 49. కార్టర్‌కు దక్కినవి సొంత రాష్ట్రం జార్జియా, ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ రాష్ట్రం మిన్నెసోటా, ఇంకా మేరీలాండ్, వెస్ట్ వర్జీనియా, రోడ్ ఐలాండ్, హవాయి, వాటితో పాటు రాజధాని వాషింగ్టన్.

1976లో ఆయన్ను గెలిపించింది దక్షిణాది. ఒక్క వర్జీనియా తప్ప పాత కాన్ఫెడరసీ (అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది) రాష్ట్రాలన్నీ ఆయన వెంటే నడిచాయి. నాలుగేళ్లు తిరిగేసరికి వాటిలో జార్జియా ఒక్కటే మిగిలింది. టెన్నెసీ, అర్కాన్సా, మిసిసిపీ, అలబామా, సౌత్ కరోలినా లాంటివి చాలా తక్కువ తేడాతో జారిపోయాయి. కార్టర్‌తో పాటు పార్టీ కూడా దెబ్బతింది. సెనేట్‌లో రిపబ్లికన్లు 12 స్థానాలు అదనంగా గెలుచుకుని, పాతికేళ్ల తర్వాత అక్కడ ఆధిక్యం సంపాదించారు.

ఎన్నికై వచ్చిన అధ్యక్షుడు రెండోసారి పోటీ చేసి ఓడిపోవడం 1932లో హెర్బర్ట్ హూవర్ తర్వాత ఇదే మొదటిసారి. మధ్యలో 1976లో కార్టర్ చేతిలోనే ఓడిన జెరాల్డ్ ఫోర్డ్ ఉన్నారు కదా అంటారు. కానీ నిక్సన్ రాజీనామాతో ఆయనకు పదవి వచ్చింది, ఎన్నికై రాలేదు.

బందీల వ్యవహారమే ఓడించిందా?

మొదట్లో అదే ఆయన్ను నిలబెట్టింది. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

1979 నవంబర్ 4న టెహ్రాన్‌లో విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయంలోకి చొరబడి అక్కడివాళ్లను పట్టుకున్నారు. కొందరిని త్వరగానే వదిలిపెట్టినా 52 మంది చివరిదాకా బందీలుగానే ఉన్నారు. దేశానికి ఆపద వచ్చినప్పుడు జనం అధ్యక్షుడి వెనక నిలబడతారు. అంతకుముందు వేసవిలో ముప్పై శాతం దగ్గర కొట్టుకుంటున్న కార్టర్ ఆదరణ కొన్ని వారాల్లోనే యాభై దాటింది. ఆ ఊపులోనే సొంత పార్టీలోని పోటీని తట్టుకున్నారు.

ఆ ఊపు నెలల తరబడి నిలవదు. టీవీ చానెళ్లు "ఇవాళ్టికి బందీలై ఇన్ని రోజులు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. రోజుకొక అంకె పెరుగుతూ పోయింది. మొదట్లో దేశం పట్టుదలకు గుర్తుగా కనిపించిన ఆ అంకె, వేసవి వచ్చేసరికి అధ్యక్షుడి చేతకానితనానికి లెక్కలా వినపడసాగింది. తలరాత అంటే ఇదేనేమో, పోలింగ్ రోజుకి బందీలు చిక్కి సరిగ్గా ఏడాది. ఓటు వేయడానికి బయలుదేరినవాళ్ల కళ్ల ముందు అంతకుముందు రాత్రి టీవీలో చూసిన ఏడాది నాటి దృశ్యాలే ఉన్నాయి.

విడిపించడానికి సైన్యాన్ని పంపలేదా?

పంపారు. 1980 ఏప్రిల్ 24 రాత్రి నిమిట్జ్ విమానవాహక నౌక మీంచి ఎనిమిది హెలికాప్టర్లు లేచాయి. ఇరాన్ ఎడారిలో ముందే గుర్తించి పెట్టుకున్న ఒక చోట దిగి, ఇంధనం నింపుకుని, టెహ్రాన్ వైపు వెళ్లాలన్నది పథకం. పని జరగాలంటే కనీసం ఆరు హెలికాప్టర్లు కావాలి. దారిలో ధూళి మేఘాలు కమ్ముకున్నాయి, యంత్రాలు మొరాయించాయి. రెండు అసలు చేరనే లేదు. చేరినవాటిలో ఒకటి పనికిరాకుండా పోయింది. మిగిలినవి ఐదు. పథకం రద్దు చేయాలని అక్కడి అధికారులు అన్నారు, కార్టర్ సరేనన్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. వెనక్కి బయలుదేరే హడావిడిలో ఒక హెలికాప్టర్ పక్కనే ఉన్న సీ-130 విమానాన్ని ఢీకొంది. మంటల్లో ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. తెల్లవారి ఏడు గంటలకు కార్టర్ టీవీలో కనిపించి, నిర్ణయం తనదేనని, బాధ్యత కూడా తనదేనని చెప్పారు. ఈ ప్రయత్నాన్ని ముందునుంచీ వద్దన్న విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ రాజీనామా చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాటకు ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఆయన నెలల తరబడి ప్రచారానికే వెళ్లలేదట, నిజమేనా?

నిజమే. బందీల సంగతి తేలేదాకా వైట్‌హౌస్ కదలనని కూర్చున్నారు. అక్కడి తోట పేరు మీద దీన్ని "రోజ్ గార్డెన్ వ్యూహం" అన్నారు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికల కాలంలో అది లాభించింది. సొంత పార్టీలోని పోటీదారు టెడ్ కెనెడీ ఊరూరా తిరుగుతూ గొంతు పోగొట్టుకుంటుంటే, ఈయన దేశం పని చూసుకుంటున్న పెద్దమనిషిలా కనిపించారు.

నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పొరపాటు ఇదే. టెహ్రాన్‌లో 52 మందితో పాటు వాషింగ్టన్‌లో తనను తాను కూడా బందీని చేసుకున్నారు. తన రాజకీయ జీవితం ఎప్పుడు విడుదల కావాలో ఇరాన్ అధినేత ఖొమైనీ చేతికి అప్పగించారు. ఏప్రిల్‌లో సైనిక ప్రయత్నం విఫలమయ్యాక బందీలు ఇంకా అక్కడే ఉండగానే బయటికొచ్చి ప్రచారం మొదలుపెట్టారు. అలాంటప్పుడు అన్నాళ్లు ఎందుకు కూర్చున్నట్టు? ఈ ప్రశ్నకు సరైన జవాబు ఆయన దగ్గర లేకపోయింది.

విస్కాన్సిన్ ప్రైమరీ జరిగిన ఏప్రిల్ 1 పొద్దున్నే విలేకరులను పిలిచి, బందీల విషయంలో మంచి పరిణామం కనిపిస్తోందని చెప్పడం ఇంకో దెబ్బ. ఆ రోజు ఓట్లు పడ్డాయి. పరిణామం మాత్రం ఎక్కడా కనపడలేదు. అప్పటినుంచి ఆయన నోట బందీల కబురు ఏది వచ్చినా జనం అనుమానంగానే చూశారు.

టెడ్ కెనెడీతో గొడవ ఏమిటి?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కార్టర్ ఇంట గెలిచారు గానీ ఆ గెలుపుకే తొమ్మిది నెలలూ, బోలెడంత బలమూ ఖర్చయిపోయాయి.

మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ (టెడ్) కెనెడీ 1979 నవంబర్ 7న పోటీ ప్రకటించారు. కెనెడీ ఇంటిపేరు, పార్టీలో ఉదారవాదుల అండ, కార్మిక సంఘాలతో చనువు, అన్నీ ఉన్నాయి. కానీ అంతకు మూడు రోజుల ముందు సీబీఎస్ టీవీలో ప్రసారమైన ఇంటర్వ్యూలో, అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారని అడిగితే ఆయన తడబడి పొంతన లేకుండా మాట్లాడారు. ఆ ఇంటర్వ్యూ వచ్చింది నవంబర్ 4న, రాయబార కార్యాలయం ఆక్రమణకు గురైన రోజే. జనవరిలో అయోవాలో కార్టర్ ఆయన్ను 59-31 తేడాతో ఓడించారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. మార్చి 1న ఇజ్రాయెల్ స్థావరాలను ఖండించే ఐక్యరాజ్యసమితి తీర్మానానికి అమెరికా ఓటేసింది. రెండు రోజుల తర్వాత అది పొరపాటని కార్టర్ ప్రకటించారు. అటు ఓటూ నచ్చలేదు, ఇటు వెనకడుగూ నచ్చలేదు. యూదు ఓటర్లు ఎక్కువగా ఉన్న న్యూయార్క్‌లో కెనెడీ గెలిచారు. తర్వాత పెన్సిల్వేనియా, చివర్లో కాలిఫోర్నియా, న్యూజెర్సీ కూడా ఆయనకే దక్కాయి. ప్రతినిధుల సంఖ్యలో కార్టర్ బాగా ముందున్నా, ప్రైమరీల్లో గెలిచిన అభ్యర్థికే ప్రతినిధులు ఓటేయాలన్న నియమాన్నే మార్చాలంటూ కెనెడీ పోరును ఆగస్టులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ మహాసభ దాకా లాగారు.

ఆ సభ చివరి రాత్రి, ఆగస్టు 14న జరిగింది చూడాల్సిన దృశ్యం. కార్టర్ తన ప్రసంగంలో దివంగత నేత హ్యూబర్ట్ హొరేషియో హంఫ్రీని కీర్తించబోయి "హ్యూబర్ట్ హొరేషియో హార్న్‌బ్లోయర్" అనేశారు. హార్న్‌బ్లోయర్ నవలల్లోని ఒక నౌకాధికారి పేరు. ప్రసంగం అయ్యాక పైకప్పు నుంచి రాలాల్సిన బెలూన్లు సరిగ్గా రాలలేదు. పార్టీ పెద్దలంతా వేదిక నిండా చేరి కెనెడీ కోసం ఎదురుచూశారు. ఆయన ఆలస్యంగా వచ్చి చెయ్యి కలిపి పక్కకు తప్పుకున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైకెత్తే ఫొటో కోసం కార్టర్ ఆయన వెంట వెంట తిరగడం దేశమంతా టీవీలో చూసింది. కుదరలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు సొంత సభలో ఓడిపోయిన ప్రత్యర్థి చేతికోసం తిరగడం చూస్తే, పార్టీతో ఏ సంబంధం లేనివాళ్లకు కూడా మనసు చివుక్కుమంటుంది.

ధరల సంగతి ఎంత?

అన్నిటికంటే ఎక్కువ. 1980లో ద్రవ్యోల్బణం సగటున 13.5 శాతం. అంటే నిరుడు వంద డాలర్లకు వచ్చిన సరుకుకు ఈ ఏడు నూట పదమూడున్నర. ఇరాన్ విప్లవం తర్వాత 1979లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన కార్లు అందరికీ గుర్తే. బ్యాంకులు తమ నమ్మకమైన పెద్ద ఖాతాదారులకు వేసే వడ్డీయే ఏప్రిల్‌లో 20 శాతానికి చేరింది. ఇక మామూలు మనిషి ఇల్లు కొనడం, కారు కొనడం కలలోని మాటే. వేసవికి నిరుద్యోగం ఏడున్నర శాతం దాటింది. డెట్రాయిట్ లాంటి కార్ల ఊళ్లలో, తరతరాలుగా డెమోక్రాట్లకే ఓటేసిన కార్మిక కుటుంబాల్లో కూడా ఈసారి చెయ్యి రీగన్ వైపు వెళ్లింది.

ద్రవ్యోల్బణాన్నీ నిరుద్యోగాన్నీ కలిపి కూడితే వచ్చేదాన్ని అక్కడ "కష్టాల సూచీ" అంటారు. 1976లో ఫోర్డ్‌ను కొట్టడానికి ఆ సూచీని ఊరూరా వాడింది కార్టరే. అప్పుడది 13 ప్రాంతంలో ఉండేది. 1980లో 20 దాటింది. రీగన్ చర్చా వేదిక మీద అదే తీసి ఆయన ముందు పెట్టారు.

ఒక మాట కార్టర్ తరఫున చెప్పకపోతే అన్యాయమవుతుంది. ధరలను అణచడానికి వడ్డీలు ఎంతైనా పెంచే మనిషని తెలిసే, 1979 ఆగస్టులో పాల్ వోల్కర్‌ను అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా నియమించారు. ఎన్నికల ఏడాదిలో దాని నొప్పి తనకే తగులుతుందని ఊహించలేనంత అమాయకుడేమీ కాదు. ఆ మందు పనిచేసింది. కాకపోతే రోగం తగ్గేసరికి వైట్‌హౌస్‌లో ఉన్నది రీగన్.

"నిస్సత్తువ ప్రసంగం" అంటారు, అదేమిటి?

1979 జూలై 15న ఇంధన సంక్షోభం మీద మాట్లాడుతూ, అమెరికాకు ఆత్మవిశ్వాసం సన్నగిల్లిందని, వస్తువుల మీద మోజు ఎక్కువైందని చెప్పారు. నిస్సత్తువ అన్న మాట ఆ ప్రసంగంలో ఎక్కడా లేదు, పత్రికలు తగిలించిన పేరది. నిజానికి మొదట జనం మెచ్చుకున్నారు. రెండు రోజులకే మంత్రులందరినీ రాజీనామాలివ్వమని, ఐదుగురిని పంపించేయడంతో ప్రభుత్వం కూలిపోతోందా అన్న భావన వచ్చింది. ప్రసంగానికి చెడ్డపేరు తెచ్చింది ఆ పనే.

రీగన్ మీద ఆయన ప్రచారం ఎందుకు పారలేదు?

ఎందుకంటే కార్టర్‌కు ఉన్న పెద్ద ఆస్తి మంచితనం. ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో వేరుశనగ పండించిన రైతు, ఆదివారాలు బైబిలు పాఠం చెప్పే మనిషి, అబద్ధం ఆడనని మాటిచ్చి గెలిచినవాడు. అలాంటి ఆయన సెప్టెంబర్‌లో అట్లాంటాలోని ఎబినీజర్ చర్చిలో రీగన్ మాటల్లో జాతి విద్వేషం ఉందన్నట్టు మాట్లాడారు. అక్టోబర్‌లో షికాగోలో, రీగన్ గెలిస్తే నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, యూదులూ క్రైస్తవులూ, ఉత్తరాదీ దక్షిణాదీ విడిపోతారన్నట్టు చెప్పారు. రీగన్ ఆగస్టులో మిసిసిపీలోని నెషోబా జాతరలో రాష్ట్రాల హక్కుల గురించి (దక్షిణాదిలో జాతి వివక్షను సమర్థించేవాళ్లు వాడిన మాట అది) మాట్లాడిన తీరుకు కోపం రావడంలో తప్పులేదు. అంతకు పదహారేళ్ల ముందు ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపింది ఆ చుట్టుపక్కలే. కానీ పత్రికలు చర్చను రీగన్ మాటల నుంచి కార్టర్ "కుళ్లుబోతుతనం" మీదకు మళ్లించాయి. చివరికి ఆయనే టీవీలో కొంచెం అతిగా మాట్లాడానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ధరలు తగ్గించలేకపోయాడు, ఇప్పుడు మంచివాడు కూడా కాదా అన్నారు జనం.

ఆండర్సన్ ఓట్లు చీల్చడం వల్ల ఓడారా?

లేదు. రీగన్‌కు దేశం మొత్తంమీద సగానికి పైగా వచ్చాయి. మసాచుసెట్స్ లాంటి చోట్ల మాత్రం చీలిక లెక్కకొచ్చింది. అక్కడ రీగన్ గెలిచింది నాలుగు వేల ఓట్లలోపు తేడాతో, ఆండర్సన్‌కు 15 శాతం వచ్చాయి.

ఆండర్సన్ చేసిన అసలు నష్టం వేరు. సెప్టెంబర్ 21న బాల్టిమోర్‌లో జరిగిన చర్చకు ఆయన్ను పిలిచారన్న కారణంతో కార్టర్ వెళ్లలేదు. రీగన్, ఆండర్సన్ ఇద్దరే మాట్లాడుకున్నారు. దాంతో కార్టర్‌కు, రీగన్‌కు ముఖాముఖి మిగిలింది ఒక్కటే, అదీ పోలింగ్‌కు వారం ముందు.

ఆ ఒక్క చర్చలో ఏం జరిగింది?

అక్టోబర్ 28, క్లీవ్‌లాండ్. దాదాపు 8 కోట్ల మంది చూశారు. విషయ పరిజ్ఞానంలో కార్టర్ తక్కువేమీ కాదు. అంకెలు, ఒప్పందాలు అన్నీ నోటికి ఉన్నాయి. కానీ చూసేవాళ్లు వెతుకుతున్నది అంకెల కోసం కాదు. వారాల తరబడి కార్టర్ చెబుతున్న ఆ ప్రమాదకరమైన మనిషి ఎలా ఉంటాడో చూద్దామని కూర్చున్నారు.

వృద్ధుల వైద్య బీమా మీద రీగన్ పాత వైఖరిని కార్టర్ ఏకరువు పెడుతుంటే, రీగన్ తల పక్కకు వంచి, చిన్నగా నవ్వి, "మళ్లీ మొదలుపెట్టారూ" అన్నారు. విసుగు లేదు, కోపం లేదు. పాఠం వప్పజెబుతున్న మేనల్లుడిని చూసి మేనమామ నవ్వినట్టుంది. ఆ మనిషి అణుయుద్ధం తెస్తాడంటే ఇక ఎవరు నమ్ముతారు? అదే చర్చలో కార్టర్, అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఏదని కూతురు ఏమీని అడిగితే అణ్వాయుధాలని చెప్పిందన్నారు. ఏమీకి అప్పుడు పదమూడేళ్లు. తండ్రిగా ఎంత ముచ్చటగా చెప్పినా, అధ్యక్షుడు పసిపిల్లను సలహా అడిగాడని హేళన చేశారు.

చివర్లో రీగన్ కెమెరా వైపు తిరిగి, నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉందా అని అడిగారు. కొట్టుకు వెళ్లి సరుకులు కొనడం తేలికైందా అన్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండున్నరేళ్ల తర్వాత, 1983లో, కార్టర్ చర్చకు తయారుచేసుకున్న కాగితాలు ముందే రీగన్ బృందానికి చేరాయని బయటపడింది. అది తప్పే, పెద్ద తప్పే. అయినా ఆ ప్రశ్న అడగడానికి ఏ దొంగ కాగితమూ అవసరం లేదు.

సర్వేలు హోరాహోరీ అన్నాయి కదా?

గాలప్ ఆఖరి సర్వేలో రీగన్ 47, కార్టర్ 44. ఎటూ తేల్చుకోని ఓటర్లు చివరి మూడు రోజుల్లో కట్టకట్టుకుని ఒకేవైపు వెళ్లారు. నవంబర్ 2, ఆదివారం తెల్లవారుజామున షికాగోలో ఉన్న కార్టర్‌కు ఇరాన్ పార్లమెంటు షరతులు పెట్టిందని కబురొచ్చింది. ప్రచారం ఆపి వాషింగ్టన్‌కు పరుగెత్తారు. ఒప్పుకునే షరతులు కావవి. దేశం మొత్తం మళ్లీ ఒక్కసారి ఆశపడి, మళ్లీ నిరాశపడింది.

సోమవారం రాత్రి ఆఖరి సభ సియాటిల్‌లో. అక్కడినుంచి జార్జియాకు విమానంలో వస్తుండగా, సర్వేలు చూసే ప్యాట్ కాడెల్ లెక్కలు తేల్చి చెప్పారు. ఓడిపోయాం, అదీ బాగా. మంగళవారం పొద్దున ప్లెయిన్స్‌లో ఓటేసి, 1976లో తన ప్రచార కార్యాలయంగా ఉన్న పాత రైల్వే స్టేషను దగ్గర ఊరివాళ్లతో మాట్లాడారు. ఊరివాళ్లకు ఇంకా తెలియదు. ఆయనకు తెలుసు. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయింది.

పోలింగ్ ముగియకముందే ఓటమి ఒప్పుకున్నారా?

అవును. తూర్పు తీరంలో రాత్రి పది కొట్టకముందే ఒప్పుకున్నారు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అప్పటికి పోలింగ్ కేంద్రాలు తెరిచే ఉన్నాయి. వరుసల్లో ఉన్న కొందరు ఇంటిదారి పట్టారని, దానివల్ల అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు పోటీచేసిన డెమోక్రాట్లు నష్టపోయారని పార్టీవాళ్లు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఇంకో గంట ఆగి ఉండాల్సింది.

బందీలను ఎన్నికల దాకా వదలొద్దని రీగన్ వర్గం ఇరాన్‌తో మాట్లాడుకుందా?

ఈ ఆరోపణ దశాబ్దాలుగా ఉంది. కాంగ్రెస్ విచారణ 1993లో నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. 2023లో టెక్సస్ రాజకీయ నాయకుడు బెన్ బార్న్స్, 1980 వేసవిలో తానూ, టెక్సస్ మాజీ గవర్నర్ జాన్ కానలీ కలిసి పశ్చిమాసియా దేశాలు తిరిగామని, రీగన్ వస్తే ఇరాన్‌కు మేలన్న కబురు ఇరాన్‌కు చేరవేయమని కానలీ అక్కడివాళ్లకు చెప్పారని వెల్లడించారు. కానీ రీగన్‌కు స్వయంగా తెలిసి జరిగిందని రుజువు కాలేదు.

ఈ ఎన్నికతో మనకేమైనా సంబంధం ఉందా?

నేరుగా ఒకటుంది. తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి 38 టన్నుల యురేనియం ఇంధనం పంపడానికి కార్టర్ 1980లో అనుమతిచ్చారు. అణ్వస్త్ర వ్యాప్తిని అడ్డుకుంటానని వచ్చిన మనిషి ఇదేమిటని సొంత పార్టీవాళ్లే ఎదురుతిరిగారు. ప్రతినిధుల సభ కాదంది. సెనేట్‌లో 48-46తో, ఒడ్డున పడ్డారు. ప్రచారం నడుమ, సెప్టెంబర్‌లో జరిగిందిది.

ఓటమి తర్వాతి సంబంధం మాత్రం ఇంకా దగ్గరిది. ఆయన నెలకొల్పిన కార్టర్ సెంటర్ ప్రపంచవ్యాప్తంగా నిర్మూలించ పూనుకున్న జబ్బు నారికురుపు. చెరువు నీళ్లూ దిగుడుబావి నీళ్లూ తాగినవాళ్ల కాలిలోంచి మూరెడు పురుగు బయటికి రావడం రాయలసీమలో పెద్దవాళ్లు కళ్లారా చూసిందే. మన దేశం సొంత కార్యక్రమంతోనే దాన్ని వదిలించుకుని 2000లో ధ్రువీకరణ పొందింది. ఆఫ్రికా ఊళ్లలో మాత్రం ఆ పనికి ఆయన దశాబ్దాలు తిరిగారు. 1980ల మధ్యలో ఏటా 35 లక్షల మందికి వచ్చే ఆ జబ్బు, 2023లో 14 మందికి వచ్చింది.

చివరికి బందీలు ఎప్పుడు బయటపడ్డారు?

444 రోజులకు. ఓడిపోయాక కూడా కార్టర్ ఆ పని వదల్లేదు. అల్జీరియా మధ్యవర్తిత్వంతో 1981 జనవరి 19న ఒప్పందం కుదిరింది. పదవిలోని ఆఖరి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోకుండా ఓవల్ ఆఫీసులో ఫోన్ల దగ్గరే కూర్చుని, స్తంభింపజేసిన ఇరాన్ సొమ్ము ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకు చేరిందో కనుక్కుంటూ గడిపారు. టెహ్రాన్‌లో విమానాలు సిద్ధంగా ఉన్నాయి, కానీ కదలనివ్వలేదు. జనవరి 20 మధ్యాహ్నం రీగన్ ప్రమాణం చేశారు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే అవి నేల విడిచాయి.

మర్నాడు రీగన్ కోరిక మీద, మాజీ అధ్యక్షుడిగా, కార్టర్ పశ్చిమ జర్మనీలోని వీస్‌బాడెన్ సైనిక ఆసుపత్రికి వెళ్లారు. 52 మందీ అక్కడున్నారు. కొందరు కౌగిలించుకున్నారు. కొందరు ముభావంగా ఉండిపోయారు, గద్దె దిగిన ఇరాన్ రాజు షాను వైద్యానికి అమెరికాలోకి ఎందుకు రానిచ్చారని, తమను ముప్పులో ఎందుకు పడేశారని కొందరు ముఖం మీదే అడిగారు. ఆయన అక్కడే ఉండి ఒక్కొక్కరితో మాట్లాడి వచ్చారు.